సర్వభూతాభయము

మృగశిర కార్తె వెళ్ళి ఆరుద్ర ప్రవేశించు దినములలో, తొలకరి జల్లు పడిన సాయంకాలము, సైదాబాదు పాత కాలనీలలోని ఏ ఇంటియందైనను జరుగగల సన్నివేశమొకటి కలదు. దీపముచుట్టు ఉసిళ్ళు ముసరును. వానికొరకు బల్లులు గోడపైకి వచ్చును. పూజాగృహములో లక్ష్మీనృసింహస్వామి పటము వెనుకనుండి అరచేయంత సాలెపురుగొకటి వెలువడి, ఎనిమిది కాళ్ళను చాచి, గోడకు అంటుకొని కదలక నిలుచును. కోడలు కేక వేయును. పిల్లలు పరుగెత్తుదురు. ఎవరో చీపురు తెత్తురు. అంతకు కొంచెము ముందే ఆ గదిలో విష్ణుసహస్రనామ పారాయణము ముగిసియుండును. ఆ నామములలో భగవంతుడు భయకృత్తనియు, భయనాశనుడనియు వెంటవెంటనే కీర్తింపబడియున్నాడు. భయమును కలిగించువాడును ఆయనయే, పోగొట్టువాడును ఆయనయే. పుస్తకము మూసిన మరుక్షణమే ఆ రెండు నామములకును పరీక్ష గోడమీదికి వచ్చినది. ఆ పరీక్షకు చాల ఇండ్లలో చీపురే సమాధానము వ్రాయును.

ఒక పురుగు ప్రాణమునకు ఇంత విచారమేల యని తోచవచ్చును. కాని గృహస్థునకు ఇచట రెండు ధర్మములు ఎదురెదురుగ నిలిచియున్నవి. ఇంటిలోని పసివారిని, వృద్ధులను కాపాడుట యొకటి. ఏ ప్రాణికిని హింస చేయకుండుట రెండవది. వచ్చినది నిజముగ హాని చేయునదియైనచో మొదటి ధర్మము బలపడును. కానిచో రెండవది బలపడును. ఏది హాని చేయునదో, ఏది చేయదో తెలిసికొననిదే ధర్మనిర్ణయమే సాధ్యము కాదు. భయము ఆ తెలిసికొనుటకు ఎడమీయదు. చేయి ముందు లేచును. ఆలోచన తరువాత వచ్చును. అప్పటికి గోడమీద మరక మాత్రము మిగిలియుండును.

ఇట్టి ఘట్టమొకటి శ్రీమద్రామాయణమున యుద్ధకాండమందు కలదు. శరణాగతి తత్త్వమునకు ఆయువుపట్టుగ పెద్దలు దానిని భావింతురు. సముద్రతీరమున వానరసేన విడిసియుండగా, ఆకాశమున ఐదుగురు రాక్షసులు ఆయుధపాణులై కనబడిరి. సుగ్రీవుడు చూచినది ఆకారమును, ఆయుధమును. వచ్చినవాడు చంపుటకే వచ్చెననియు, వధింపదగినవాడనియు అతడు నిశ్చయించెను. వానరులు చెట్లను, రాళ్ళను పెరికి సిద్ధమైరి. సుగ్రీవుని తప్పుపట్టుటకు వీలులేదు. సేనారక్షణ అతని బాధ్యత. కాని హనుమంతుడు మరియొక పని చేసెను. అతడు వచ్చినవానిని చూచెను. మాటలో కపటము లేదు, ముఖము ప్రసన్నముగ నున్నది, లోపలి భావమును ఆకారము పూర్తిగ దాచలేదు అని తాను గమనించిన దానినే మనవి చేసెను. శ్రీరామచంద్రుడు ఇంకను ముందునకు పోయెను. తన ఆడుపక్షిని పట్టుకొనిన వేటకానికి సైతము ఆతిథ్యమిచ్చిన కపోతమును జ్ఞప్తికి తెచ్చి, శరణన్నవానికి అభయమిచ్చుట తన వ్రతమని ప్రకటించెను.

ఆ వ్రతవాక్యములోని ‘సర్వభూతేభ్యః’ అను పదమునందు ఒక విశేషము కలదు. సంస్కృతమున చతుర్థీ, పంచమీ బహువచనములకు రూపమొక్కటియే. కనుక సర్వభూతములకు అభయమనియు, సర్వభూతములనుండి అభయమనియు రెండర్థములును కుదురును. వ్యాకరణములో ఒకటైన ఈ రెండును జీవితములో కూడ విడివడి యుండవు. పురుగునకు మనిషివలన భయము, మనిషికి పురుగువలన భయము. ఒకటి తీరనిదే రెండవది తీరదు. అయినను శ్రీరాముని అభయమునకును, సామాన్యుని అభయమునకును ఒక భేదము కలదు. వచ్చినవాడు దుష్టుడైనను తనను ఏమియు చేయలేడని స్వామికి తెలియును. సామాన్యునకు అంతటి శక్తి లేదు. అతడు అభయమీయదలచినచో ముందు హనుమంతుని చూపును అలవరచుకొనవలెను.

ఆ చూపుతో గోడమీది సాలెపురుగును చూతము. ఇది గూడు అల్లి కూర్చుండు జాతి కాదు. రాత్రివేళ గోడలమీద తిరుగుచు బొద్దింకలను వేటాడి తినునది. చేతితో బిగించి పట్టిన కరవవచ్చును, నొప్పియు కలుగవచ్చును. అంతకుమించి ప్రమాదము లేదు. ఒక్కొక్కప్పుడు దాని పొట్టక్రింద తెల్లని బిళ్ళవంటిది కనబడును. అది గ్రుడ్లసంచి. తల్లి దానిని పిల్లలు వెలువడువరకు మోసికొని తిరుగును. అందు వందలకొలది గ్రుడ్లుండును. చీపురు దెబ్బ ఒక్కటియే. తెగు ప్రాణములు మాత్రము ఒక్కటి కాదు. మరునాడు వంటింటిలో బొద్దింకలెక్కువైనవని విచారించువారు ఈ దెబ్బను జ్ఞాపకము చేసికొనరు.

తొలకరి నేలమీద పట్టువస్త్రపు ముక్కవలె ఎర్రగ మెరయు ఆరుద్రపురుగు కూడ ఎనిమిది కాళ్ళదే. సాలెపురుగునకు దూరపు బంధువు. అయినను దానిని చూచి ఎవరును భయపడరు. పిల్లలు అరచేతిలో పెట్టుకొని మురిసిపోవుదురు. రంగు నచ్చినది గనుక బంధుత్వము మరపునకు వచ్చినది. రోకలిబండ, జెర్రి అను రెండింటిని చాలమంది ఒకే గాటకట్టి నలుపుదురు. రోకలిబండ మెల్లగ నడచును. దాని శరీరమున ఒక్కొక్క కణుపునకు రెండేసి జతల కాళ్ళుండును. ముట్టినచో చుట్టచుట్టుకొని పడియుండును. కుళ్ళిన ఆకులను తిని మట్టి చేయుట దాని వృత్తి. జెర్రికి కణుపునకొక జత కాళ్ళే. అది వడిగ పరుగెత్తును, కరచును, కాటు బహు బాధాకరము. ఒకటి తప్పించుకొనదగినది, ఒకటి తప్పించదగినది. రెండు నిమిషములు వంగి చూచినవారికి ఈ భేదము తెలియును.

తేళ్ళలో ఈ వివేకము మరింత అవసరము. మండ్రగబ్బ జానెడుండి, నల్లగ నిగనిగలాడుచు, పీతవలె బలిసిన కొండిచేతులతో చూపరుల గుండె ఝల్లుమనిపించును. కుట్టినచో నొప్పి, వాపు కలుగును. కాని ప్రాణాపాయము సామాన్యముగ నుండదు. రెండు మూడంగుళముల ఎర్రతేలు, సన్నని చేతులతో, లావైన తోకతో, చూచుటకు అల్పముగ నుండును. భారతదేశమున ప్రాణములు తీయు తేళ్ళలో ముఖ్యమైనది అదియే. పెద్దదానికి పట్టుటకు చేతులున్నవి గనుక విషముతో అంత పని లేదు. చిన్నదానికి చేతులు బలహీనములు గనుక బలమంతయు తోకలో చేరినది. పామునకు తలయందు, తేలునకు తోకయందు విషమని సుమతీశతకకారుడు చెప్పిన మాట తెలుగు బిడ్డలకు కంఠస్థమే. తేలునకు తేలునకు భేదమున్నదని మాత్రము బడిలో ఎవరును చెప్పరు.

వానకాలపు దీపములకు వచ్చు మరియొక చిన్న పురుగు ఈ విచారమునకు మిక్కిలి ఉపకరించును. బియ్యపుగింజకంటె కొంచెము పొడవుగ, నారింజ, నలుపు రంగుల పట్టెలతో నుండును. అది కుట్టదు, కరవదు. మెడమీదనో చేతిమీదనో వ్రాలినపుడు ఊదివేసిన ఎగిరిపోవును. చరచి నలిపినచో దాని దేహములోని రసము చర్మమునంటి, మరునాటికి కాలినట్లు బొబ్బలెక్కును. ఆ గాయము పురుగు చేసినది కాదు, దానిని చంపిన చేయి చేసికొన్నది. పురాణకథకుడు కల్పించిన దృష్టాంతమని తోచును గాని, ఇది చర్మవైద్యులు ఏటేట చూచు వాస్తవము.

ఇక అన్నింటికంటె ఎక్కువమందిని పొట్టనబెట్టుకొనునది దోమ. దోమను చూచి కేకవేసిన కోడలు ఏ ఇంటను లేదు! సికింద్రాబాదు బేగంపేటలో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని సూక్ష్మదర్శినితో కనుగొనెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినది. సైదాబాదునుండి కొన్ని మైళ్ళ దూరములోనే మానవజాతి యొక్క ఒక ఘోరశత్రువు రహస్యము బయటపడినది. ఆ శత్రువు రూపమో, గాలికి కొట్టుకొనిపోవునంత అల్పము. భయంకరత్వము వేరు, హానికరత్వము వేరు అనుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు.

దోమలను చంపుట పాపమా యని భక్తులు కొందరు నిజముగనే మథనపడుదురు. స్మృతికారులు ఈ బాధను ఎరుగనివారు కారు. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్ళకుండ అను ఐదును గృహస్థుని ఇంట తప్పని హింసాస్థానములని మనుస్మృతి పేర్కొని, వానికి పరిహారముగ పంచమహాయజ్ఞములను విధించినది. అందు భూతయజ్ఞమొకటి, క్రిములకు కూడ నేలపై అన్నము వేయవలెనని నియమము. వాకిట బియ్యపుపిండితో ముగ్గు వేయుటలో చీమలకు మేతవేయు భావము ఇమిడియున్నది. ఇప్పుడు పిండి పోయి రాతిపొడి వచ్చినది. ముగ్గు మిగిలినది, చీమ పస్తున్నది. అది యట్లుండగా, డెంగ్యూను వ్యాపింపజేయు దోమ మురికికాలువలో కాక ఇంటి నిలువనీటిలోనే పెరుగును: కూలరు అడుగున, తులసికుండి క్రింది పళ్ళెములో, మేడమీది పాతటైరులో. వారమునకొకసారి ఆ నీటిని పారబోసినవాడు పుట్టబోవు దోమల సంఖ్యనే తగ్గించినవాడగును. చంపవలసిన అవసరమును తగ్గించినవాడగును. హింసను తగ్గించుటలో చేతి నిగ్రహముకంటె ఇంటి శుభ్రత ఎక్కువ పనిచేయు సందర్భములు కలవు. 2020 అక్టోబరు కుంభవృష్టికి సరూరునగర్ చెరువు దిగువనున్న కాలనీలు మునిగినపుడు, పురుగు పుట్రలు ఇండ్లలో చొరబడుటయు, మనుష్యులు మేడలపైకి ఎక్కుటయు ఒకే కారణమువలన జరిగినది. నీట మునిగిన రాత్రి ఎవరి ఇంటిలోనికి ఎవరు వచ్చిరని చెప్పుట కష్టము.

ఇచట శాస్త్రమును ఆశ్రయింపగోరు వారికి వ్యాసభాగవత సప్తమస్కంధమే ఒక చిక్కును కల్పించుచున్నది. ధర్మరాజునకు గృహస్థధర్మములను బోధించుచు నారదమహర్షి, లేళ్ళను, ఒంటెలను, గాడిదలను, కోతులను, ఎలుకలను, ప్రాకెడి జంతువులను, పక్షులను, ఈగలను తన బిడ్డలవలె చూడవలెననియు, బిడ్డలకును వానికిని ఉన్న అంతరము ఏపాటిదనియు పలికెను. అదే స్కంధమున అంతకు కొన్ని అధ్యాయముల ముందు, స్తంభమునుండి వెలువడి హిరణ్యకశిపుని చీల్చిన నృసింహుని ఎదుట నిలిచి ప్రహ్లాదుడు, తేలో పామో చచ్చినచో సాధువు సైతము సంతోషించునని చెప్పెను. భూతదయకు పరమావధియైన బాలభక్తుని నోట ఈ మాటయేల? ఈగను బిడ్డయనిన గ్రంథములోనే తేలు చావునకు సాధువు సంతోషించుటేల? తేలును చంపుటకు దీనిని అనుజ్ఞాపత్రముగ చూపువారు కొందరు. చదువక దాటవేయువారు కొందరు. ఇద్దరును తొందరపడినవారే.

ఆ మాట ఎప్పుడు పలుకబడినదో చూడవలెను. హిరణ్యకశిపుడు మరణించినాడు, పని ముగిసినది, స్వామి కోపము మాత్రము చల్లారలేదు. ప్రహ్లాదుడు చంపుమని వేడుటలేదు. ఇక కోపము చాలింపుమని వేడుచున్నాడు. లోకమునకు పీడ తొలగినది, దానికి సాధువులును సంతోషింతురు, ఇంకను ఉగ్రత్వమెందులకు అని ఆ ప్రార్థన తాత్పర్యము. పీడ తొలగినందుకే ఆ సంతోషము. చంపుటలో కలుగు సంతోషము కాదది. ఇందుకు ప్రహ్లాదుని చరిత్రయే ప్రమాణము. తేలుతో పోల్చబడినవాడు అతని కన్నతండ్రి. తరువాతి అధ్యాయముననే అతడు వరము కోరుకొనుమన్న స్వామిని, తన తండ్రి పాపమునుండి శుద్ధుడగునట్లు అనుగ్రహింపుమని వేడెను. స్వామి ఇరువదియొక్క తరములతో కూడ అతడు పవిత్రుడయ్యెనని పలికెను. తేలు పోయినందుకు నిశ్చింత, ఆ జీవునకు సద్గతి కలుగవలెనను కోరిక: ఈ రెండును ఒకే హృదయమున నిలుచునని ఆ బాలుడు చూపినాడు.

గ్రామములలోను, నగరములలోను తేలు కనబడినపుడు జరుగునది దీనికి విరుద్ధము. మొదటి దెబ్బకే తేలు చచ్చును. తరువాతి ఇరువది దెబ్బలు నేలకు పడును. చచ్చినదానిని రాతితో నూరి, కాల్చి, పిల్లలను పిలిచి చూపుదురు. మొదటి దెబ్బ రక్షణ కావచ్చును. తక్కిన ఇరువదియు ఏమి? ప్రహ్లాదుడు ఉపసంహరింపుమని వేడినది ఆ మిగులు కోపమునే. పసిపిల్ల పండుకొనిన గదిలో ఎర్రతేలు కనబడినది. గిన్నె బోర్లించి, క్రింద అట్ట దూర్చి, వెలుపలి బండలలోనికి చేర్చుటకు వీలున్నచో అట్లే చేయవలెను. వీలులేక, క్షణము జాగుచేసిన బిడ్డకు ముప్పు అను స్థితిలో దానిని చంపిన గృహస్థుని క్రూరుడనుట ధర్మము కాదు. అయితే దానిని వినోదము చేయుట, ఆ కోపమును వెంటనే గోడమీది సాలెపురుగుమీదికి మళ్ళించుట, ఈ రెండింటికిని ప్రహ్లాదుని మాట ఆధారము కాజాలదు.

తేలు కుట్టినపుడు మంత్రమునకై పరుగెత్తుట నేటికిని ఉన్నది. భగవన్నామమును స్మరింపవచ్చును, స్మరింపవలెను. అది వాహనములో ఆసుపత్రికి పోవుచు స్మరింపదగినది. ఎర్రతేలు విషము గుండెను, ఊపిరితిత్తులను దెబ్బతీయును. చెమటలు, వాంతులు, కాళ్ళు చేతులు చల్లబడుట దాని గుర్తులు. పిల్లలకు మరింత ప్రమాదము. మహారాష్ట్రములోని మహాడ్ అను చిన్న పట్టణమున వైద్యము చేసిన డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్, కొంకణపు పల్లెలలో ఎర్రతేలు కాటుకు గురియైన వారిని ఏండ్ల తరబడి పడకచెంత కూర్చుండి పరిశీలించి, రక్తపుపోటుకు వాడు ప్రజోసిన్ అను మందు ఈ విషమునకు విరుగుడుగ పనిచేయునని 1980ల దశకములో వెల్లడించెను. దానివలన మరణములు బహుస్వల్పమైనవి. 2022లో ఆయనకు పద్మశ్రీ లభించినది. తేలును చూచి పారిపోవుటచేత గాని, తేళ్ళనన్నింటిని చంపుటచేత గాని ఈ మేలు చేకూరలేదు. భయపడక దగ్గరగ చూచుటవలన చేకూరినది. సముద్రతీరమున హనుమంతుడు చేసిన పనికి ఇది దూరమైనది కాదు.

కర్నూలు జిల్లా కోడుమూరు కొండమీద కొండలరాయుడను పేర కొలువబడు స్వామికి శ్రావణమాసపు మూడవ సోమవారమున భక్తులు బండలక్రింది తేళ్ళను పట్టి సమర్పించు ఆచారము కలదు. చిన్న పెద్ద భేదము లేక వానిని చేతులపై ప్రాకించుకొందురు. కుట్టినను గుడి ప్రదక్షిణముతో బాధ తొలగునని వారి విశ్వాసము. నగరపు పిల్లలు దీనిని చూచి అనుకరించుట క్షేమము కాదని చెప్పక తప్పదు. ఎర్రతేలు ఆచారమును ఎరుగదు. కాని ఏడాదియంతయు తేలు అనగనే చెప్పునకై వెదకు చేయి, ఆ ఒక్కదినము దానిని దేవుని సన్నిధికి మోసికొనిపోవు చేయి యగుట విచిత్రము. తేలు మారలేదు, చేయి మారినది.

భయమును గూర్చి సప్తమస్కంధమున మరియొక సూక్ష్మము కలదు. కందిరీగచే గోడగూటిలో బంధింపబడిన పురుగు, కోపభయములతో దానినే తలంచుచు తుదకు దాని రూపమునే పొందునని నారదుడు చెప్పెను. అదియే భ్రమరకీటన్యాయము. నేటి కీటకశాస్త్రజ్ఞులు ఆ గూటిని తెరచి చూచి, కందిరీగ తెచ్చిపెట్టిన పురుగు లోపలి కందిరీగ పిల్లకు ఆహారమగుననియు, వెలువడునది ఆ పిల్లయే యనియు తేల్చినారు. అంతమాత్రమున న్యాయము చెడిపోదు. అది చెప్పదలచినది పురుగు సంగతి కాదు, మనస్సు సంగతి. తీవ్రముగ దేనిని తలతుమో దానివలె అగుదుము. తేలునకు భయపడి అనుక్షణము తేలునే తలచు మనస్సు, కనబడినదానినెల్ల కుట్టు స్వభావమును తానే అలవరచుకొనును. చీపురు పట్టిన చేతిని ఆ క్షణమున అద్దములో చూచినచో, అచట ఎవరు కొండి ఎత్తినారో తెలియగలదు.

ఈ భయము పుట్టుకతో వచ్చునంతకంటె పెద్దలనుండి సంక్రమించుట ఎక్కువ. తల్లి కేకవేసినపుడు బిడ్డ చూచునది పురుగును కాదు, తల్లి ముఖమును. భయముతో పాటు క్రూరత్వమును కూడ అట్లే నేర్చుకొనును. వానాకాలపు ఖాళీస్థలములలో తూనీగ తోకకు దారముకట్టి ఎగురవేయుట పిల్లల ఆటలలో ఒకటి. మహాభారతమున మాండవ్యమహర్షి చేయని దొంగతనమునకు శూలమెక్కింపబడి, ఏ పాపమునకు ఈ శిక్ష యని యమధర్మరాజును అడిగెను. బాల్యమున చిన్నపురుగుల తోకలలో గడ్డిపోచలు గ్రుచ్చిన పాపమునకని యముడు చెప్పెను. అల్పమైన తప్పునకు ఇంత దండనయా యని మహర్షి కోపించి, పదునాలుగేండ్ల లోపు చేసినది పాపముగ లెక్కింపబడకుండునట్లు మర్యాద విధించి, యముని శూద్రయోనియందు జన్మింపుమని శపించెను. ఆయనయే విదురుడు, శ్రీకృష్ణపరమాత్మ ఆదరమునకు పాత్రుడైన భాగవతోత్తముడు. ఈ కథలో పసివానికి క్షమ దొరకినది. తూనీగకు దారము కట్టుచున్న మనుమని చూచియు ఊరకున్న తాతగారికి క్షమ దొరకినట్లు కథ చెప్పదు.

సైదాబాదునుండి ఎల్.బి. నగర్ దాటి వనస్థలిపురము చేరినచో మహావీర హరిణ వనస్థలి యుండును. వర్ధమాన మహావీరుని 2500వ నిర్వాణ సంవత్సర స్మారకముగ 1975లో ఏర్పడి, అహింసామూర్తి పేరు ధరించిన వనము; నేడు జాతీయోద్యానవనము. సెలవుదినములలో కుటుంబములు అచట కృష్ణజింకలను చూచి ఆనందించును. జింకమీద దయ కలుగుటకు సాధన అక్కరలేదు. దాని కన్నులే ఆ పని చేయును. అదే పొదలలో గూడు అల్లుకొని తలక్రిందులుగ వ్రేలాడు సాలెపురుగును చూచుటకు ఎవరును టిక్కెట్టు కొనరు. నారదుడు చెప్పిన పట్టికలో లేడి మొదట నున్నది, ఈగ చివర నున్నది. చదువరి దయ ఎంతదూరము సాగునో పరీక్షించుటకే ఆ క్రమమేమో యని తోచును.

అహోబిల యాత్రికులకు తెలియని సంగతి యొకటి కలదు. నవనారసింహులు వెలసిన ఆ నల్లమల శ్రేణిలోనే, నంద్యాల గిద్దలూరుల నడుమ అడవిలో, ప్రపంచమున మరెచ్చటను లేని సాలెపురుగొకటి నివసించుచున్నది. దేహమెల్ల రోమములు, చేతివ్రేళ్ళవంటి కాళ్ళు, వానిపై నీలమణి కాంతి. 1899లో పోకాక్ అను శాస్త్రజ్ఞుడు దీనిని తొలిసారి వర్ణించెను. అది అనంతపురము మండలములోని గుత్తి రైల్వే కలపదొడ్డిలో దొరకినది గనుక విదేశములలో దీనిని నేటికిని గుత్తి పేరుతోనే పిలుచుదురు. కలపతో పాటు అడవినుండి రైలులో వచ్చియుండునని ఊహ. ఆ పిమ్మట శతాబ్దకాలము కానరాక, 2001లో నల్లమలలో మరల కనబడినది. పొడవైన వృక్షముల తొర్రలలో పగలు దాగి, రాత్రి వెలువడును. కరచినచో నొప్పియు, కండరముల బిగువును కలుగును. దీనివలన మరణించినవారు లేరు. దీనివలన మనిషికి భయము. మనిషివలన దీనికి నాశము. చెట్లు నరకుటచేత నివాసము నూరు చదరపు కిలోమీటర్ల లోపునకు కుదించుకొనిపోయినది. దీని నీలవర్ణమును చూచి ముచ్చటపడి పెంచుకొను విదేశీయులకై దొంగతనముగ పట్టుకొనిపోవువారు కొందరు. భయపడువాడు నలుపును, ముచ్చటపడువాడు పెట్టెలో పెట్టును. దానిని దాని తొర్రలో ఉండనిచ్చువాడు అరుదు.

ఆ కొండలలోనే స్వామి ఉగ్రమూర్తియై వెలసినాడు. దేవతలు ప్రేరేపింపగా లక్ష్మీదేవి అంతటిది, ఎన్నడును చూడని, వినని ఆ రూపమునకు జంకి చేరువకు పోలేకపోయెనని భాగవతము చెప్పుచున్నది. అప్పుడు బ్రహ్మ పంపగా ప్రహ్లాదుడు మెల్లగ నడచి పాదములపై వ్రాలెను. ఆ కోరలకు, నాలుకకు, సూర్యునివంటి కన్నులకు, మెడలోని ప్రేగులమాలకు తాను భయపడుటలేదనియు, సంసారచక్రమునకు మాత్రమే భయపడుచున్నాననియు విన్నవించెను. ఆ చిన్నవాడు అంతకుముందే ఎన్నియో చూచినాడు. చక్కని కిరీటము, సింహాసనము, తండ్రియను పేరు గల రూపము తనకు విషము పెట్టినది, పాములచే కరపించినది. గోళ్ళు, జూలు గల రూపము తన తలపై చేయి యుంచినది. ఏది భయంకరమో, ఏది హానికరమో ఆ ఇంటిలో పుట్టినవానికి ఎవరును వేరుగ బోధింపనక్కరలేదు. ఆ రూపమునే జనులు భయము తొలగుటకు స్మరింతురని అతడు పలికిన మాట నేటికిని నిజమగుచున్నది. యాదగిరిగుట్టలో సర్పాకృతిగ కొలువబడు జ్వాలానృసింహునకు చేతులెత్తి నమస్కరించి వచ్చినవారే సైదాబాదు ఇండ్లలో ఆ పటమును గోడకు తగిలించికొందురు.

ఆ పటము ప్రక్కన సాలెపురుగు ఇంకను కదలక యున్నది. ఇంటి పెద్దామె చీపురు ప్రక్కనబెట్టించి, వంటింటినుండి వెడల్పుమూతి గిన్నెయొకటి, పాత క్యాలెండరు అట్టయొకటి తెప్పించినది. దీపము తగ్గించి, పిల్లలను దూరముగ కాక దగ్గరగ నిలువబెట్టినది. గిన్నె మెల్లగ గోడకు ఆన్చగా పురుగు ఒక్కసారి అదరి, అంచున నిలిచినది. అట్ట వెనుకనుండి జారినది. పెరటి ప్రహరీమీద గిన్నె వంచినపుడు అది వెంటనే పోలేదు. కొంతసేపు తడి ఇటుకపై నిలిచి, పొట్టక్రింది తెల్లని సంచిని సరిచేసికొని, తీగమల్లె గుబురులోనికి పోయినది. చిన్నపిల్ల లెక్కపెట్టి, కాళ్ళు నిజముగ ఎనిమిదేనని నిశ్చయించుకొని లోపలికి వచ్చినది.